దామన్ ఎంతైనా ఉండనీ, ఖాకా మన చేతుల్లో ఉండాలి



రంజాన్‌లో పదిహేను రోజాలు దాటాయంటే మన ఇళ్లలో రెండు సవాళ్లు లేస్తాయి. దర్జీ ఈద్ బట్టలు ఎప్పుడిస్తాడన్నది ఒకటి. ఆడపిల్ల కమీజ్ ఎంత పొడవుండాలన్నది రెండోది. ఈమధ్య ఈ రెండో సవాలే ఎక్కువ గట్టిగా వినబడుతోంది. లాహోర్, కరాచీ ఫ్యాషన్లు ఫోన్లలో చూసి మన పిల్లలు తొడల దగ్గర ఆగే షార్ట్ కమీజ్, కింద నేలను ఊడ్చే ఫర్షీ షల్వార్ కావాలంటున్నారు. "మోకాళ్ల పైకి కమీజా? తౌబా!" అని అమ్మీలు. "షల్వార్ నేల దాకా ఉంది కదా అమ్మీ" అని పిల్లలు. అబ్బాలు మధ్యలో దూరి ఇద్దరినీ రెండు మాటలని తరావీహ్‌కి వెళ్లిపోతారు. దర్జీ ముందు నిలబడేసరికి ఏదో ఒక పొడవుకు రాజీ పడతారు. ఆ రాజీ వచ్చే ఈద్ దాకా ఉంటే గొప్ప.

ఈ బహెస్ మీద నా రాయి చెప్పాలనిపించింది. మనం అంగుళాల దగ్గర ఆగిపోతున్నాం. దామన్ పైకి వెళ్లడం, కిందికి రావడం వంద ఏళ్లుగా జరుగుతూనే ఉంది, ఇకముందూ జరుగుతుంది. కానీ ఆ దామన్‌ను గీసి, కోసి, కుట్టే ఇల్మ్ మన ఇళ్ల నుంచి జారిపోతోంది. దాని గురించి ఏ ఇంట్లోనూ గొడవ జరగడం నేను చూడలేదు. జరగాల్సిన గొడవ అదే.

ముందు దామన్ సంగతి చూద్దాం.

షార్ట్ కమీజ్ అంటే బయటి నుంచి వచ్చిన బేషరమ్ ఫ్యాషన్ అని మనలో చాలామంది అనుకుంటారు. పాత అల్మారాలు తీస్తే సంగతి వేరేగా ఉంటుంది. అవధ్ నవాబుల ఇళ్లలో బేగమ్‌లు తొడిగిన ఫర్షీ పైజామా, ఘరారా మీద ఉండేది పొట్టి కుర్తీయే. కింద గజాల కొద్దీ బట్ట పరుచుకుని ఉంటే, పైన కుర్తీ పొట్టిగా ఉంటేనే ఆ ఘేర్ కనబడుతుంది. మీద పెద్ద దుపట్టా. ఈ రోజు మన పిల్లలు ఫోన్‌లో చూపిస్తున్నది దాదాపు అదే జోడు. కొత్తది కాదు, తిరిగి వచ్చింది.

మన హైదరాబాద్ ఖడా దుపట్టా తీసుకోండి. కుర్తీ, దాని లోపల చోలీ, కింద చూడీదార్, మీద ఆరు గజాల దుపట్టా. మెడలో చింతాక్, సత్‌లడా, చెవులకు కరన్‌ఫూల్. ఇప్పటికీ నికా రోజు దుల్హన్‌కు ఇదే తొడుగుతాం. అందులో కుర్తీ తరచుగా పల్చటి బట్టతో ఉంటుంది. లోపల చోలీ, పైన దుపట్టా కలిసి పూర్తి లిబాస్ అవుతుంది. ఒక్క కుర్తీని విడిగా తీసి టేపు పెట్టి కొలిచి ఇది హయానా, బేహయానా అని పెద్దలెవరూ అడగలేదు. మొత్తం జోడును చూశారు.

తెలుగు ముసల్మాన్ల ఇళ్లన్నీ దేవ్‌డీలు కావు, ఆ సంగతి నాకూ తెలుసు. పల్లెల్లో, దూదేకుల ఇళ్లలో ఆడవాళ్లు చీరలే కట్టారు. ఇవాళ్టికీ కడుతున్నారు. పిల్లలు గౌన్లు తొడిగారు, కాస్త ఎదిగాక లంగా జాకెట్, ఓణీ. షల్వార్ కమీజ్ చాలా ఊళ్లలో తర్వాత వచ్చింది. అది వచ్చినప్పుడు కూడా "ఇదేం వేషం, పంజాబీల బట్టలు" అన్న పెద్దలు ఉన్నారు. ఇవాళ అదే షల్వార్ కమీజ్‌ను మన పక్కా ఇస్లామీ లిబాస్ అంటున్నాం. ఒక తరానికి కొత్త వేషం అయినది ఇంకో తరానికి ఖాందానీ రివాజ్ అవుతుంది. కాలం తీరు అది.

సినిమా కూడా దామన్‌ను పైకీ కిందికీ లాగింది. 1965లో 'వక్త్' వచ్చింది. అందులో సాధన తొడిగిన బిగుతు కుర్తా, చూడీదార్ దేశమంతా పాకింది. ఆ బట్టలు గీసింది భాను అథయ్యా. తర్వాత 'గాంధీ' సినిమాకు ఆస్కార్ తెచ్చుకున్న ఆవిడే. అప్పటి కాలేజీ పిల్లలు ఇప్పుడు నానీలు, దాదీలు. వాళ్ల పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు అడిగి చూడండి. నడుం దగ్గర డాట్స్ వేసి బిగించిన కమీజ్, మోకాలి పైన ఆగిన దామన్ కనబడతాయి. ఆ తర్వాత వదులు కమీజ్‌లు, పటియాలా షల్వార్లు వచ్చాయి. జీన్స్ మీద పొట్టి కుర్తీలు వచ్చాయి. మళ్లీ మడమల దాకా అనార్కలీలు. ఇప్పుడు మళ్లీ పొట్టి. ఇందులో ఏ ఒక్క పొడవును పట్టుకుని ఇదే మన తహ్‌జీబ్ అనాలి?

గోరోళ్ల దేశాల కిస్సా కూడా ఇలాగే ఉంది. దాన్ని తెలుసుకుంటే మన గొడవ కాస్త చల్లబడుతుంది. 1920ల నడుమ పారిస్‌లో, న్యూయార్క్‌లో గౌన్లు మోకాళ్ల దాకా ఎక్కాయి. 1930 వచ్చేసరికి మళ్లీ దిగాయి. రెండో ప్రపంచ జంగ్‌లో బట్టకు కరువు వచ్చింది. బ్రిటన్‌లో 1941లో బట్టల రేషన్ మొదలైంది. అమెరికాలో 1942లో సర్కారే ఎల్-85 అని హుకుం తెచ్చి ఆడవాళ్ల గౌను ఎంత పొడవు, ఎంత ఘేర్ ఉండొచ్చో లెక్క కట్టింది. అక్కడ గౌను పొట్టి కావడానికి కారణం మిలిటరీకి బట్ట కావాలి, అంతే. మన దేశంలోనూ 1943లో బట్ట మీద కంట్రోల్ వచ్చింది. జంగ్ అయిపోయాక 1947లో క్రిస్టియన్ డియోర్ పారిస్‌లో పొడుగు గౌన్లు, గజాల కొద్దీ ఘేర్ చూపిస్తే, ఇంత బట్ట వృథా చేస్తారా అని ఆడవాళ్లే రోడ్ల మీదకు వచ్చి గొడవ చేశారు. గమనించండి. ఒకసారి పొట్టి గౌను మీద కోపం, ఇంకోసారి పొడుగు గౌను మీద కోపం.

1960లలో లండన్‌లో మేరీ క్వాంట్, పారిస్‌లో కురేజ్ లాంటివాళ్లు గౌనును మోకాళ్ల పైకి ఇంకా ఎత్తారు. ఆ పొడవును నేను మెచ్చుకోవడం లేదు. అది మన ఇళ్లకు పనికొచ్చే లిబాస్ కూడా కాదు. కానీ అందులో ఒక సంగతి నన్ను ఆపేసింది. లండన్ కింగ్స్ రోడ్డులో మేరీ క్వాంట్ దుకాణం 1955లో మొదలైంది. అక్కడ కొనే స్థోమత లేని పిల్లలే ఎక్కువ. 1964 నుంచి ఆమె గౌన్ల ఖాకాలను బట్టరిక్ అనే కంపెనీ కాగితం మీద వేసి అమ్మింది. ఒక కవరు కొనుక్కుని, బజారులో దొరికే బట్ట తెచ్చుకుని, ఇంట్లో మిషన్ మీద కుట్టుకున్నారు. గరీబు ఇంటి పిల్ల చేతికి ఎంపిక వచ్చింది. దుకాణందారు దయ అక్కర్లేకపోయింది.

ఈ కాగితపు ఖాకాల చరిత్ర ఒక ఇంట్లో మొదలైంది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, స్టెర్లింగ్ అనే ఊరు. ఎబెనేజర్ బట్టరిక్ అనే దర్జీ. అతని బీవీ ఎలెన్ పిల్లవాడికి గౌను కుడుతూ, అన్ని సైజులకూ పనికొచ్చే ఖాకాలు ఉంటే ఎంత బాగుండు అందని చెప్తారు. 1863లో అతను సైజుల వారీగా కాగితం ఖాకాలు కోసి అమ్మడం మొదలుపెట్టాడు. మొదట మందపాటి కాగితం వాడాడు. టపాలో పంపాలంటే మడత పడాలి కదా, అందుకని పల్చటి టిష్యూ కాగితానికి మారాడు. తొలిరోజుల్లో ఆ కాగితాల మీద గీతలుండేవి కావు, చిన్న చిన్న చిల్లులు మాత్రమే. ఏ చిల్లు దేనికో తెలిసినవాళ్లకే తెలిసేది. తర్వాత గీతలు, మాటలు అచ్చు వేయడం వచ్చింది.

అచ్చు ఖాకాల మీద నాకు ఎంతో నచ్చిన గీత ఒకటుంది. నడుం కింద, దామన్ పైన అడ్డంగా రెండు జంట గీతలు ఉంటాయి. పొడవు పెంచాలన్నా తగ్గించాలన్నా ఇక్కడే చేసుకోండి అని ఆ గీతల మీద రాసి ఉంటుంది. పొట్టి కావాలంటే అక్కడ మడత పెట్టాలి. పొడుగు కావాలంటే అక్కడ కోసి మధ్యలో కాగితం అంటించాలి. కింది అంచు దగ్గర ఇష్టమొచ్చినట్టు కోస్తే ఘేర్ దెబ్బతింటుంది. చాక్ ఎక్కడ మొదలవ్వాలో అది తప్పుతుంది. గీత దగ్గర మారిస్తే మొత్తం ఆకారం చెడదు. అంటే ఖాకా గీసినవాళ్లే పొడవును తొడిగేవాళ్లకు వదిలేశారు. ఖాకా ఇంట్లో ఉన్న అమ్మీ, బేటీ ఇద్దరూ ఆ గీత దగ్గర కూర్చుని మాట్లాడుకోవచ్చు. రెండంగుళాలు నీ మాట, రెండంగుళాలు నా మాట. రెడీమేడ్ కమీజ్ దగ్గర ఆ మాటే ఉండదు. ఎక్కడో ఫ్యాక్టరీలో ఎవరో నిర్ణయించిన పొడవు. కొంటే కొను, లేకపోతే పో.

ఇక దీన్ సంగతి. నేను ఆలిమ్‌ను కాను. సతర్ ఎంత, ఏ బట్ట జాయెజ్ అన్న మసలాలకు మీ ఆలిమ్‌లను అడగండి. ఒక మామూలు ముసల్మాన్‌గా రెండు మాటలు మాత్రం అంటాను. సూరె ఆరాఫ్‌లో అల్లాహ్ లిబాస్‌ను తన నేమత్‌గా చెబుతూ తఖ్వా లిబాస్ దాకా తీసుకెళ్తాడు. సూరె నూర్‌లో హయా మాట వచ్చినప్పుడు 30వ ఆయత్ ముందు మగవాళ్ల చూపుల గురించి. ఆడవాళ్ల మాట 31వ ఆయత్‌లో. మన ఇళ్లలో ఈ వరుస తిరగబడింది. ఆడపిల్ల దామన్ కొలవడానికి టేపు పట్టుకుని పదిమంది సిద్ధం. తమ్ముడి చూపు, మామూ చూపు, వీధి చివర నిలబడే పోరగాళ్ల చూపు కొలిచే టేపు ఎవరి దగ్గరా లేదు. బిగుతుగా ఒంటికి అంటుకున్న పొడుగు కమీజ్‌ను ఒప్పుకుని, వదులు ఫర్షీ మీద పొట్టి కమీజ్‌ను తప్పు పట్టడం కూడా అంగుళాల పిచ్చే. అమ్మీ చెప్పొద్దని నేను అనడం లేదు. చెప్పడం అమ్మీ హక్. కానీ మొత్తం జోడును చూసి చెప్పాలి. పిల్లను నలుగురి ముందు షర్మిందా చేయకుండా చెప్పాలి.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను.

పాత కలీదార్ కుర్తా ఎలా కోస్తారో మీ ఇంట్లో ఎంతమందికి తెలుసు? చేతిమగ్గం బట్ట పన్నా చిన్నది. అందుకని మధ్యలో ముందుకొకటి, వెనకకొకటి నిలువు ముక్కలు. పక్కలకు కలీలు. ఒక నిలువు ముక్కను ఐమూలగా కోస్తే రెండు కలీలు వస్తాయి. ఒకదాన్ని తిప్పి పెడితే పైన సన్నం, కింద వెడల్పు. ఆస్తీన్‌కు నిలువు ముక్కలే. చంకలో చౌబగ్లా అని నలుచదరపు చిన్న ముక్క. చేయి పైకెత్తినా బట్ట చిరగకుండా కాపాడేది ఆ చిన్న ముక్కే. నమాజులో చేతులెత్తినా, రుకూలో వంగినా, పిల్లను ఎత్తుకున్నా, రోట్లో నూరినా ఎక్కడా పట్టదు. బట్ట దాదాపు పిసరంత కూడా వృథా కాదు. కొలత గిరహ్‌లలో. గజానికి పదహారు గిరహ్‌లు, గిరహ్ అంటే రెండుంపావు అంగుళాలు. బట్ట తక్కువైతే కలీలు తగ్గించి పొట్టి కుర్తీ, ఎక్కువైతే కలీలు పెంచి పొడుగు కుర్తా. పొడవు అప్పుడు చేతిలో ఉన్న గుడ్డను బట్టి, పనిని బట్టి ఉండేది.

ఇంత లెక్క ఉన్న హునర్‌కు మన దగ్గర కాగితం లేదు. ఉన్నా అది పాత పేపరు మీద ఒక ఖాలా కోసి పెట్టుకున్న ఖాకా. ట్రంకు పెట్టెలో పాత దుపట్టాల కింద మడత పెట్టి ఉంటుంది. మూలన బాల్‌పెన్‌తో ఎవరి నాపో రాసి ఉంటుంది. ఖాలా ఇంతెఖాల్ తర్వాత పెట్టె ఖాళీ చేసేటప్పుడు నగలు పంచుకుంటారు, చీరలు పంచుకుంటారు. ఆ కాగితాలు రద్దీవాలాకు పోతాయి. కిలో లెక్కన.

అమెరికాలో రోడ్ ఐలండ్ యూనివర్సిటీలో ఇలాంటి పాత కాగితపు ఖాకాల కోసమే ఒక ఖజానా ఉంది. బట్టరిక్, మెక్‌కాల్, సింప్లిసిటీ, వోగ్ లాంటి కంపెనీలు ఎప్పుడో అమ్మిన కవర్లను ఏరి, ఏ ఏడాదివో తేల్చి, వరుసగా దాచారు. నాటకాలవాళ్లు, చరిత్ర చదివేవాళ్లు, ఇంట్లో కుట్టుకునేవాళ్లు వాటిని చూసి పాత గౌన్లు మళ్లీ కుడుతున్నారు. మన హైదరాబాద్‌లో పురానీ హవేలీ వెళ్తే ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బట్టల అల్మారా చూడొచ్చు. ఒక పొడవాటి హాలంతా చెక్క అల్మారాయే, రెండు అంతస్తులు. బాద్‌షా బట్టలు పెట్టిన చెక్కను దాచుకున్నాం, మంచిదే. ఆ బట్టలు కోసిన దర్జీల చేతిలో ఉన్న లెక్కను మాత్రం దాచుకోలేదు. మామూలు ఇళ్లలో మన నానీలు కోసిన కుర్తీల లెక్క గురించి చెప్పేదేముంది.

ఇది కేవలం పాత వస్తువుల మీద మోజు అనుకోకండి. ఇందులో రోటీ ముడిపడి ఉంది.

మన మొహల్లాల్లో కుట్టు మిషన్ లేని గల్లీ ఉండదు. బేవా ఆడవాళ్లు, షోహర్ వదిలేసినవాళ్లు, చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లలు ఆ మిషన్ మీదే బతుకు లాగుతున్నారు. సర్కారు పథకాల్లో మైనారిటీ ఆడవాళ్లకు మిషన్లు పంచుతారు. జకాత్ సొమ్ముతో జమాత్‌లు మిషన్లు కొనిస్తాయి. అల్లాహ్ వాళ్లకు అజర్ ఇవ్వాలి. కానీ మిషన్ ఇచ్చి కుట్టడం నేర్పి అక్కడ ఆపేస్తున్నాం. పెద్ద షాపుల్లో, బొటిక్‌లలో చూడండి. బల్ల ముందు కత్తెర పట్టుకుని నిలబడేది మాస్టరు. ఎక్కువ షాపుల్లో మగాయన. నాప్ తీసేది, గీసేది, కోసేది ఆయన. కోసిన ముక్కలు మూటకట్టి ఇళ్లకు వస్తాయి. మన ఆడవాళ్లు ముక్కకింత అని కుడతారు, తుర్‌పాయి చేస్తారు, హుక్కులు, గుండీలు పెడతారు. రాత్రి రెండింటి దాకా కళ్లు పోగొట్టుకుంటారు. ఎక్కువ కూలీ కత్తెరకు, తక్కువ కూలీ సూదికి. ఫ్యాషన్ మారితే మాస్టరు కొత్త ఖాకా గీస్తాడు. కుట్టే ఆడది మాత్రం మూట ఎప్పుడొస్తుందా అని గుమ్మంలో చూస్తూ ఉంటుంది.

అందుకే అంటున్నాను. మిషన్‌తో పాటు కత్తెర కూడా ఇవ్వండి. కటింగ్ నేర్పండి. నాప్ తీయడం, ఖాకా గీయడం, ఒక సైజు నుంచి ఇంకో సైజుకు మార్చడం, డాట్స్ ఎక్కడ వేయాలో, చంక గుండ్రం ఎంత లోతు ఉండాలో నేర్పండి. సెట్విన్ లాంటి చోట్ల టైలరింగ్ కోర్సులున్నాయి. పిల్లలను పంపండి. పంపేటప్పుడు కుట్టడం దగ్గర ఆగిపోకుండా కటింగ్ చివరి దాకా నేర్చుకుని రమ్మనండి. ఖాకా గీయగల పిల్లకు దామన్ పైకి వెళ్లినా గిరాకీయే, కిందికి వచ్చినా గిరాకీయే. ఫ్యాషన్ మారిన ప్రతిసారీ ఆమె రిజ్క్ పెరుగుతుంది.

ఇక్కడ కొందరు అడుగుతారు. మా పిల్ల ఇంజనీరింగ్ చదువుతోంది, ఆమెకు ఈ దర్జీ పని ఎందుకు? రెడీమేడ్ ఇంత సస్తాగా దొరుకుతుంటే ఎవరు కుట్టుకుంటారు? రెండూ జాయెజ్ సవాళ్లే. మొదటిదానికి నా జవాబు, చదువు మాన్పించి మిషన్ ముందు కూర్చోబెట్టమని నేను ఏ జన్మలోనూ చెప్పను. అలా కూర్చోబెట్టిన తరాలు మనకు చాలా ఉన్నాయి. చదివే పిల్లకు ఖాకా గీయడం అరవై గంటల పని కాదు. కోణాలు, కొలతలు, భిన్నాలు తెలిసిన పిల్ల మాస్టరు కంటే తొందరగా నేర్చుకుంటుంది. రెండోదానికి జవాబు, సస్తా కమీజ్ మూడు ఉతుకులకు పోతుంది. పైగా లోపల మడత వదలరు కాబట్టి పిల్ల కాస్త ఒళ్లు చేస్తే విప్పి వదులు చేసుకునే వీలుండదు. మన అమ్మీలు కుట్టిన బట్టల్లో పక్క కుట్టు లోపల అంగుళం, కింద మూడంగుళాలు గుడ్డ మడిచి ఉండేది. పిల్ల ఎదిగే కొద్దీ విప్పేవాళ్లు. ఒక గౌను మూడు ఈద్‌లు చూసేది. దాన్నే బర్కత్ అంటారు.

ఇంకొందరు మగవాళ్లు ఇది ఆడోళ్ల కబురు అని పేజీ తిప్పేస్తారు. భాయ్, ఆగండి. దర్జీల కౌమ్ తమను ఇద్రీసీ అని చెప్పుకుంటుంది. ఎందుకంటే సూది దారం పట్టి బట్టలు కుట్టిన మొదటి మనిషి హజ్రత్ ఇద్రీస్ అలైహిస్సలాం అని వాళ్ల నమ్మకం. మన రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం తన బట్టలు తానే కుట్టుకునేవారని, చెప్పులు తానే బాగు చేసుకునేవారని హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా చెప్పిన హదీసుంది. మరి మన కొడుకులకు ఊడిన గుండీ పెట్టుకోవడం కూడా రాకపోతే అది ఏ సున్నత్? అబ్బాయిలకు కూడా నేర్పండి.

మరి పాత ఖాకాలను ఏం చేయాలి? నాకు తోచినవి రాస్తున్నాను. మీకు ఇంకా మంచివి తెలిస్తే అవే చేయండి.

ఇంట్లో నానీ, దాదీ, ఖాలా, ఫుప్పూ ఎవరు కుట్టేవాళ్లుంటే వాళ్ల పక్కన ఒక మధ్యాహ్నం కూర్చోండి. ఒక కలీదార్ కుర్తీనో, ఘరారానో, ఖడా దుపట్టా కుర్తీనో కోయమనండి. గుడ్డ అక్కర్లేదు, పేపరు చాలు. వాళ్లు కోస్తుంటే ప్రతి ముక్క మీదా పేరు రాయండి. కలీ, చౌబగ్లా, ఆస్తీన్, గిరేబాన్, నేఫా, మియానీ. ఈ పేర్లు కూడా పోతున్నాయి. ఏ పన్నా గుడ్డకు ఆ లెక్క, ఎవరి నాప్, ఏ ఊరు, ఏ ఏడాది అని మూలన రాయండి. కుట్టుకు, మడతకు వదిలిన గుడ్డ లెక్కలో ఉందా లేదా అనేది తప్పకుండా రాయండి. అది రాయకపోతే రేపు కోసేవాళ్లు ఒక సైజు చిన్నగా కోస్తారు. ఫోన్‌తో ఫోటో తీసేటప్పుడు పక్కన టేపు పరిచి తీయండి. కొలత లేని ఫోటో అందానికే పనికొస్తుంది, కోయడానికి పనికిరాదు.

కుట్టే పెద్దలు లేకపోతే చిరిగిపోయిన పాత కుర్తీ ఉంటుంది కదా. పారేయకుండా కుట్లు జాగ్రత్తగా విప్పండి. ముక్కలను ఇస్త్రీ చేసి కాగితం మీద పరిచి చుట్టూ గీయండి. నానీ పోయినా ఆమె చేతి లెక్క ఆ ముక్కల్లో ఉంటుంది. నీటి మరకలు, పసుపు మరకలతో సహా.

పాత విదేశీ ఖాకాలు దొరికి వాడాలనుకునే పిల్లలకు ఒక హెచ్చరిక. కవరు మీద సైజు అంకెను నమ్మకండి. అమెరికా ఖాకాల్లో 1960ల చివర్లో సైజుల లెక్కే మారిపోయింది. అంతకుముందు 12 సైజు అంటే ఛాతీ 32 అంగుళాలు. 1968 నాటికి అదే 12 అంటే 34. అంకె చూసి కోస్తే రెండంగుళాల తేడా. ఛాతీ కొలత చూసి తీసుకోండి. ముందు పాత దుప్పటి గుడ్డ మీద కోసి తొడిగి చూశాకే మంచి గుడ్డ మీద కత్తెర పెట్టండి. గౌను పొట్టిగా ఉంటే ఆ జంట గీతల దగ్గర పొడుగు చేసుకోండి. లేదా అలాగే ఉంచి కింద షల్వార్ తొడుక్కోండి. చాలా 1960ల గౌన్ల ఖాకాలు పక్కలకు చాక్ పెడితే చక్కటి పొట్టి కుర్తీలవుతాయి. ఆస్తీన్ పొడుగు చేసుకుంటే ఈద్‌గాహ్‌కి కూడా తొడుక్కోవచ్చు. ఎక్కడి ఖాకా అయినా మన హయాకు తగ్గట్టు మార్చుకునే తెలివి మన చేతిలో ఉండాలి.

మొహల్లా కమిటీలకు, జమాత్ పెద్దలకు ఒక గుజారిష్. జహేజ్ కింద పేద పిల్లలకు ఇచ్చే సామానులో మిషన్ పెడుతున్నారు. దానితో పాటు ఒక మంచి కత్తెర, ఒక టేపు, పది ఖాకాల కట్ట, ఆరు నెలల కటింగ్ ఫీజు రసీదు కూడా పెట్టండి. మసీదు పక్కన ఖాళీగా ఉండే హాలులో ఆదివారం రెండు గంటలు ఆడవాళ్ల కోసం తెరవండి. కుట్టు తెలిసిన పెద్దలు మన మధ్యే ఉన్నారు. పిలిస్తే వస్తారు. వాళ్లను ఇప్పటి దాకా ఎవరూ ఉస్తానీ అని పిలవలేదు, అంతే.

ఈసారి ఈద్‌కు మీ అమ్మాయి షార్ట్ కమీజ్ అడిగితే వెంటనే తౌబా అనకండి. వెంటనే సరే అని కూడా అనకండి. ఒక పేపరు, ఒక టేపు, ఒక పెన్సిల్ తెమ్మనండి. కింద షల్వార్ ఎంత ఘేర్, దుపట్టా ఎంత, ఆస్తీన్ ఎక్కడిదాకా, చాక్ ఎక్కడి నుంచి అని ఇద్దరూ కలిసి గీయండి. నానీ ఉంటే మధ్యలో కూర్చోబెట్టండి. తన కాలంలో ఎంత పొడవుండేదో అడగండి. ఆమె చెప్పేది విని మీరిద్దరూ నవ్వుకోవచ్చు. గీసిన కాగితం మీద తారీఖు వేసి, పేరు రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇంటి కాగితాలతో పాటు భద్రంగా దాచండి.

ఇన్షా అల్లాహ్, ఆ కాగితం మీ మనవరాలి చేతికి చేరాలి. ఆమె ఆ గీత దగ్గర మడత పెడుతుందో, అతుకు వేస్తుందో ఆమె ఇష్టం.

అల్లాహ్ మన చేతి పనుల్లో బర్కత్ ఇవ్వాలి. ఆమీన్.